ఏతాం మానుకు వేలాడిన మైకు

మా నాన్న ఏతాం తొక్కేవాడు. నరసన్నపేట దగ్గర మాది మెట్ట ఊరు, కాలువ నీళ్లు ఎరగదు. నూతి పక్కన పంగల కొయ్య, దాని మీద పొడుగాటి మాను, మాను ఒక కొసన గెడకు కట్టిన బాన, రెండో కొస వైపు మనిషి. నాన్న మాను మీద ముందుకు నాలుగడుగులు వేస్తే బాన నూతిలోకి దిగేది, వెనక్కి నాలుగడుగులు వేస్తే నీళ్లతో లేచేది. నాకు పదేళ్లప్పుడు సరదాపడి నేనూ ఎక్కాను. నా బరువుకి బాన కదల్లేదు. "కొసకి పోరా" అని కింద నుంచి అరిచాడు నాన్న. భయపడుతూనే కొసకి పోయాను. బాన లేచింది.

1973లో మా మేనమామ నన్ను మద్రాసు తీసుకెళ్లాడు. ఆయన సెట్లకి వడ్రంగం చేసేవాడు. వడపళనిలో ఒక రికార్డింగు థియేటర్లో నన్ను కుర్రాడిగా పెట్టించాడు. ఆ థియేటర్ పేరు చెప్పను, అక్కడ జరిగినవీ నేను చేసినవీ కొన్ని తప్పులు చెప్పుకోవలసి ఉంది గనక. మొదటి రోజు లోపలికి వెళ్లగానే నేను చూసింది పాడేవాళ్లని కాదు, వాయించేవాళ్లని కాదు. ఇనప ఏతాన్ని. కింద చక్రాలున్న పోత ఇనప దిమ్మ, దాని మీద నిలువు గొట్టం, దాని తల మీద అడ్డంగా మనిషి పొడవుని మించిన మరో గొట్టం. ఒక కొసన మైకు, రెండో కొసన ఇనప గుండు. పంగల కొయ్య, మాను, బాన, మనిషి అన్నీ ఉన్నాయి. నవ్వొచ్చింది.

"ఏందబ్బయ్యా నవ్వతా ఉండావు?" అన్నాడు మేస్త్రి. ఆయనది నెల్లూరు వైపు. స్టాండ్లు, కేబుళ్లు, మైకులు ఆయన చేతి కింద ఉండేవి. నేను ఏతాం సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "బాన జారితే నీళ్లలో పడతాది. ఇది జారితే నీ పదేళ్ల జీతం నేల మీద పడతాది" అన్నాడు.

ఆ మైకు న్యూమన్ యు-47. బెర్లిన్‌లో గేయార్గ్ న్యూమన్ కంపెనీ 1949లో తెచ్చిన మైకు. బరువు ఇంచుమించు 700 గ్రాములు. ఇదేం బరువు అనిపిస్తుంది. చేత్తో పట్టుకుంటే చిన్న సొరకాయంత. కానీ అది ఊగకుండా ఉండే అల్లిక బుట్ట, కేబుల్ బరువు కలిపితే కిలో అవుతుంది. ఆ కిలోని స్తంభానికి రెండు మీటర్ల దూరాన వేలాడదీస్తే, ఇవతల అర మీటరు దూరంలో నాలుగు కిలోల గుండు ఉండాలి. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మేస్త్రి నన్ను ఉంచుకోవడానికి అదే కారణం అనుకుంటాను.

పాత పాటల గురించి మాట్లాడేవాళ్లు గాయకుల పేర్లు చెబుతారు, సంగీత దర్శకుల పేర్లు చెబుతారు, కాస్త తెలిసినవాళ్లయితే రికార్డిస్టు పేరూ చెబుతారు. మైకుని ఎవరు ఎలా నిలబెట్టారన్నది ఎవరికీ పట్టదు. ఇరవై ఏడేళ్లు ఆ పని చేసినవాడిగా నా గోల వేరు. మైకు బరువుని మోసే సాధనం ఎంత దూరం చెయ్యి చాపగలిగితే, గొంతుకి అంత స్వేచ్ఛ దొరికింది. మిగతాదంతా ఆ తర్వాత సంగతి.

మైకు రాకముందూ బరువు ఉంది. 1925 దాకా గ్రామఫోను రికార్డంటే కొమ్ములోకి పాడడమే. కలకత్తాలో 1902లో గౌహర్ జాన్ పాడింది అలాగే. రికార్డు చేసే కొమ్ము తనంతట తాను నిలవదు, దానికి ఊతం కావాలి. కొమ్ము కదలదు గనక మనిషే కదలాలి. గొంతెత్తినప్పుడు వెనక్కి జరగాలి, తగ్గినప్పుడు మూతి దగ్గరికి రావాలి. కరెంటు మైకు వచ్చాక కొమ్ము పోయింది గానీ, వేలాడదీసే తంటా పోలేదు. ఆనాటి కార్బన్ మైకుని ఒక గుండ్రటి ఇనప చట్రం మధ్యలో నాలుగు వైపులా స్ప్రింగులతో బిగించేవారు. ఫోటోల్లో చూస్తే సాలెగూటిలో చిక్కిన పురుగులా ఉంటుంది. నేల అదురు, బల్ల అదురు లోపలికి పోకుండా ఆ స్ప్రింగులు. యు-47కి మేం కట్టిన ఎలాస్టిక్ బుట్ట దానికి మనవడే.

మరి మైకులు ఎందుకంత బరువుగా ఉండేవి? రెండు కారణాలు. కండెన్సర్ మైకులో పుట్టే కరెంటు చాలా బలహీనం. నాలుగు మూరల తీగ దాటేలోపే చచ్చిపోతుంది. అందుకని వాల్వు ఆంప్లిఫయరుని మైకు పక్కనే, ఒకే ఒంట్లో పెట్టాలి. న్యూమన్ కంపెనీ 1928లో చేసిన మొదటి మైకుని సీసా అనేవారు, ఆకారం అలాంటిది. సీసా నిండా వాల్వు, సర్క్యూటు. రెండో రకం రిబ్బన్ మైకు. దాంట్లో వాల్వు లేదు, బదులు పెద్ద అయస్కాంతం. ఆ రోజుల్లో బలమైన అయస్కాంతం కావాలంటే పెద్దది కావాలి. అమెరికాలో ఆర్.సి.ఎ. కంపెనీలో హ్యారీ ఆల్సన్ 1930ల మొదట్లో తయారుచేసిన 44 రకం మైకు నాలుగు కిలోలకి కాస్త తక్కువ. దాన్ని రెండు మీటర్ల దూరాన పట్టాలంటే ఇవతల అర మీటరులో పదహారు కిలోలు వేలాడదీయాలి. బియ్యం బస్తాలో మూడో వంతు దగ్గరదగ్గర.

అంత బరువు ఇనుము లోపల ఉండేదేమో మడతలు పెట్టిన అల్యూమినియం రేకు, మనిషి వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు పల్చన. గట్టిగా ఊదితే సాగిపోతుంది. రిబ్బన్ మైకుని పడుకోబెట్టి దాచకూడదు, ఆ రేకు తన బరువుకి తానే జారుతుంది. థియేటర్ ఒక కొస నుంచి మరో కొసకి తీసుకెళ్లేటప్పుడు గుడ్డ సంచి తొడిగేవాళ్లం, నడిచే గాలి కూడా తగలకుండా. మేస్త్రి ఆ మైకుని ఎత్తుకుని నడిచే తీరు చూస్తే పురిటి బిడ్డని మోస్తున్నాడని అనుకోవాలి. తిట్లు మాత్రం ఆగేవి కావు.

టాకీలు వచ్చిన కొత్తలో ఈ బరువే నటుల కాళ్లకి సంకెళ్లు వేసింది. మైకు ఎక్కడ దాచారో అక్కడికి వచ్చి నిలబడి మాట్లాడాలి. పూలకుండీ వెనక, కొమ్మల చాటున దాచేవారు. పాటైతే అక్కడికక్కడే పాడాలి, వాయించేవాళ్లు కెమెరాకి కనపడకుండా నక్కాలి. హాలీవుడ్‌లో 1929లో 'ది వైల్డ్ పార్టీ' తీస్తున్నప్పుడు దర్శకురాలు డొరొతీ ఆర్జ్‌నర్ మైకుని గాలం కర్రకి కట్టించి క్లారా బో తల మీదుగా తిప్పించిందని చెబుతారు. చేపలు పట్టే కర్ర! ఆ తర్వాత మోల్-రిచర్డ్‌సన్ లాంటి కంపెనీలు చక్రాల బండి మీద పొడుగు బూములు చేశాయి. వెనక బరువు, ముందు మైకు, నడుమ మనిషి ఎక్కి నిలబడి తిప్పుతాడు. అచ్చంగా ఏతాం.

మన సినిమాలు అప్పటికింకా బొంబాయి, కలకత్తా పరుగెత్తుతున్నాయి. మద్రాసులో శబ్దం పట్టే స్టూడియో 1934లో వచ్చింది, ఎ. నారాయణన్ పెట్టిన శ్రీనివాస సినీటోన్. అక్కడ శబ్దం పట్టింది ఆయన భార్య మీనాక్షీ నారాయణన్. దేశంలో మొదటి మహిళా సౌండు రికార్డిస్టు ఆవిడే. ఈ సంగతి నాకు మద్రాసు వెళ్లిన చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. తెలిశాక ఆశ్చర్యం కంటే కోపం ఎక్కువ వచ్చింది. మా థియేటర్లో ఆడవాళ్లు కేబుల్ ముట్టుకుంటే మైకు చెడిపోతుందన్నట్టు మాట్లాడేవాళ్లు ఉండేవారు. అదే ఊళ్లో ఆ పని మొదలుపెట్టింది ఒక ఆడమనిషి.

ప్లేబ్యాకు వచ్చాక గొంతుకి మరో బతుకు దొరికింది. పాట ముందే ఒక గదిలో రికార్డవుతుంది. గదిలో మైకులు ఒకటో రెండో, మనుషులు నలభై మంది. ఎవరి శబ్దం ఎంత కావాలో మీటలు తిప్పి తేల్చడం కాదు, ఎవరు మైకుకి ఎంత దూరం కూర్చున్నారన్నదే లెక్క. వయొలిన్లు ఇక్కడ, తబలా అక్కడ, బాకా వాయించేవాడు గోడ దగ్గర. రిబ్బన్ మైకుకి ఇంకో గుణం ఉంది. ముందూ వెనకా సమంగా వింటుంది, రెండు పక్కలా చెవిటిది. అందుకని యుగళగీతం పాడే ఇద్దరూ ఎదురెదురుగా, మైకు నడుమ ఉండగా, ఒకరి ముఖం ఒకరు చూస్తూ పాడొచ్చు. రేడియో నాటకాలకీ అదే వాటం. పాత్ర వెళ్లిపోతున్నట్టు వినపడాలంటే నటుడు చెవిటి పక్కకి జరిగితే చాలు, తలుపు తెరవక్కర్లేదు. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. ఆ కేంద్రం నాటకాలు చిన్నప్పుడు ఊళ్లో పంచాయతీ రేడియో దగ్గర విన్నప్పుడు పాత్రలు నిజంగానే నడిచి వెళ్లిపోతున్నాయనుకునేవాణ్ని.

ఇక మా పని సంగతి. మేస్త్రి నేర్పినవి రాసి పెట్టుకోలేదు, ఒంటికి పట్టాయి.

మొదటిది, స్టాండుకి మూడు కాళ్లుంటే ఒక కాలు సరిగ్గా మైకు కింద, అడ్డ గొట్టం చూసే దిక్కుకే ఉండాలి. రెండు కాళ్ల నడుమ ఖాళీ మీదికి మైకు వంగిందా, ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. ఇది నేను 1977లో నేర్చుకున్నాను. పొద్దున్నే వయొలిన్ల రికార్డింగు, ముప్ఫై మంది దాకా ఉన్నారు, స్టాండ్లు తొందర తొందరగా పెట్టాను. కాళ్లు ఎటున్నాయో చూడలేదు. కేబుల్‌ని స్టాండు కాలికి ఒక చుట్టు చుట్టడం కూడా మరిచాను. వాయిద్యగాడొకాయన టీకి లేస్తూ కేబుల్‌లో కాలు పెట్టాడు. లాగుడు నేరుగా మైకు మెడకి తగిలింది. స్టాండు ఒరగడం నాకు నెమ్మదిగా, కలలో లాగా కనపడింది. రెండు చేతులతో మైకుని పట్టేశాను. అవతల ఇనప గుండు జారి నా కాలి మీద పడింది. మైకు బతికింది, నా కుడికాలి బొటనవేలి గోరు పోయింది. మేస్త్రి ముందు మైకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, తర్వాత నా కాలు చూశాడు. "గోరు మళ్లా వస్తాది లే అబ్బయ్యా" అన్నాడు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం ఆయన డబ్బులతోనే పెట్టించాడు.

రెండోది మరల సంగతి. అడ్డ గొట్టాన్ని బిగించే మర ఏ వైపు తిరిగితే బిగుస్తుందో ఆ వైపే మైకు బరువు లాగాలి. మైకుని అటుపక్క పెడితే బరువు మరని బిగిస్తూ పోతుంది, ఇటుపక్క పెడితే విప్పుతూ పోతుంది. చూడ్డానికి రెండూ ఒకటే, గంట తర్వాత తెలుస్తుంది తేడా. మర దగ్గర తోలు వాషరు అరిగితే ఇంకో తిప్పలు. ఒకసారి టేకు మీద టేకు తీస్తుంటే మూడో టేకుకి శబ్దం మొద్దుబారిందన్నారు గాజు అద్దం వెనక నుంచి. వాల్వు పోయిందా, కేబులా అని గంటసేపు వెతికాం. చూస్తే మైకు తల వాల్చింది. వెంట్రుకవాసి చొప్పున జారుతూ జానెడు కిందికి వచ్చింది. కంటికి ఆనలేదు, చెవికి ఆనింది. ఒక వయొలిన్ ఆయన నవ్వుతూ తన రోజిన్ ముక్క ఇచ్చాడు, కమానుకి రాసుకునేది. వాషరుకి రాసి బిగించాం. ఇక కదల్లేదు. అప్పట్నుంచి నా జేబులో ఒక రోజిన్ ముక్క ఉండేది, ఫిడేలు రాదు గానీ.

మరల్లో దేశాల గొడవ కూడా ఉంది. అమెరికా స్టాండు తల 5/8 అంగుళం, అంగుళానికి 27 చుట్లు. ఐరోపా స్టాండు తల 3/8 అంగుళం. మా థియేటర్లో మైకులు జర్మనీవి, స్టాండ్లు సగం అమెరికావి, మిగతావి కోడంబాక్కంలో లేత్ మీద చేయించినవి. నడుమ ఇత్తడి బుష్షు లేకపోతే ఒకటి ఇంకోదాంట్లో ఎక్కదు. వేలెడంత కూడా లేని ఆ బుష్షు పోతే అరవై మంది రికార్డింగు ఆగిపోతుంది. ఆగింది కూడా. లేత్ పట్టే ముదలియార్‌ని నిద్ర లేపి చేయించుకొచ్చాను ఒకసారి. ఇవాళ్టికీ నా తాళాల గుత్తిలో ఒక బుష్షు ఉంది.

యు-47ని మేం తలకిందులుగా వేలాడదీసేవాళ్లం. లోపలి వాల్వు వేడెక్కుతుంది. నిలబెడితే ఆ వేడి పైకి, శబ్దం పట్టే పొర మీదికి పోతుంది. తలకిందులు చేస్తే వేడి తన దారిన తాను పైకి పోతుంది, గాయకుడి కళ్లకి పాట కాగితం కూడా అడ్డు లేకుండా కనపడుతుంది. జర్మన్లు దాంట్లో వాడిన టెలిఫుంకెన్ వి.ఎఫ్.14 వాల్వు తయారీ ఆగిపోయి అప్పటికే చాలా ఏళ్లయింది. ఒక్కోదాన్ని బంగారంలా చూసుకునేవారు. ఎలాస్టిక్ బుట్టకి మాత్రం మద్రాసు ఎండ, ఉప్పు గాలి పడేవి కావు. ఆర్నెల్లకోసారి సాగి, పొట్టు రాలేది. జర్మనీ నుంచి తెప్పించేంత తీరిక ఎవరికుంది? టైలరు దగ్గర నిక్కర్లకి వేసే సన్న ఎలాస్టిక్ మూరల లెక్కన కొనుక్కొచ్చి అల్లేవాణ్ని. ఆ అల్లిక మీద వేలాడుతూ విన్న పాటలు మీ ఇళ్లలో మోగాయి. ఆర్కాటు రోడ్డు మీద లారీ పోతే నేల అదురు కాళ్ల నుంచి గొట్టంలోకి ఎక్కేది, ఆ నిక్కరు ఎలాస్టిక్ దగ్గర ఆగేది.

ఇసక మూటలు మరో కథ. స్టాండు కాలి మీద వేసే మూట మొదట్లో గోనెగుడ్డది. ఇసక రాలి చెప్పుల కింద కరకరమనేది, ఆ కరకర రికార్డులోకి పోయేది. ఖాకీ గుడ్డ రెండు వరసలు కుట్టి చూశాం, అయినా రాలింది. చివరికి పాత సైకిలు ట్యూబులో ఇసక నింపి రెండు కొసలూ తీగతో బిగించాను. చూపుకి కొండచిలవలా ఉండేది గానీ ఒక్క రేణువు బయటికి రాలేదు. మా థియేటర్లో నా పేరు మీద మిగిలిన కనిపెట్టుడు అదొక్కటే.

లండన్‌లో డెక్కా కంపెనీ వాళ్లు 1954లో వాద్యబృందం కండక్టరు తల మీద, మూడు మీటర్ల ఎత్తున, టి ఆకారం చట్రానికి మూడు మైకులు కట్టారు. రాయ్ వాలెస్ అనే ఇంజనీరు చేసిన చట్రం అది. డెక్కా ట్రీ అని పేరు పడింది. తర్వాత దాని మీద న్యూమన్ ఎం-50 మైకులు స్థిరపడ్డాయి. దాని ఫోటో మా రికార్డిస్టు గారి బల్ల అద్దం కింద ఉండేది. అందరూ అందులో మైకులు చూస్తే, మేస్త్రీ నేనూ దాని అడుగు చూసేవాళ్లం. అడుగు ఫోటోలో పడలేదు. అదే మాకు బెంగ.

తర్వాత మైకులు చిక్కిపోయాయి. 1966లో న్యూమన్ కె.ఎం.84 వచ్చింది, వాల్వు బదులు ట్రాన్సిస్టరు, బరువు 80 గ్రాములు. దానికి కరెంటు మైకు తీగ లోంచే 48 ఓల్టులు. ఆ 48 వెనక నార్వే రేడియో ఉంది. చలికాలం చీకటి దేశం గదా, అక్కడి స్టూడియోల్లో ఎమర్జెన్సీ దీపాలకి 48 ఓల్టుల సరఫరా అప్పటికే ఉంది, దాన్నే మైకుకీ వాడుకుందామన్నారు. దాంతో ప్రపంచమంతా అదే లెక్క. 1967లో యు-87, అర కిలో. ఈ కొత్త మైకులు మా దగ్గరికి చేరడానికి పదేళ్లు పైనే పట్టింది. వాటి వెనకే మడిచి చంకలో పెట్టుకునే మూడు కాళ్ల స్టాండ్లు వచ్చాయి. వెర్ట్‌హైమ్ ఊళ్లో 1949లో మొదలైన కోనిగ్ అండ్ మెయర్ వాళ్లవి మంచివే, వాటికి వంక పెట్టను. కానీ వాటిని చూసి చేసిన నకళ్లు రెండు నెలలకే మెడ వేలాడేసేవి. పోత ఇనప దిమ్మల్ని చోటు చాలక బయట వరండాలో పెట్టారు. వానలకి తుప్పు పట్టాయి. ఒకరోజు పాత ఇనప సామాన్లవాడు తక్కెడ తెచ్చి కిలోల లెక్కన తూచి పట్టుకుపోయాడు. మేస్త్రి అప్పటికే లేడు, అదొక నయం.

నేను 2000లో పని మానేశాను. పెద్ద హాల్లో నలభై మంది కూర్చునే రోజులు అప్పటికే పలచబడ్డాయి. గాయకుడు ఒక్కడే వస్తాడు, ఒక్కడే పాడతాడు, వెళ్తాడు. ఇప్పుడు హైదరాబాదులో కూతురి దగ్గర ఉంటున్నాను. మనవడు డిగ్రీ చదువుతూ, పడగ్గది మూలలో పరుపు నిలబెట్టి, కథలు చదివి రికార్డు చేస్తాడు. ఈ మధ్య పెద్ద మైకు కొన్నాడు, పాత న్యూమన్ ఆకారానికి నకలు. స్టాండు మాత్రం వెదురు పుల్ల. "తాతా, మాటిమాటికీ వాలిపోతోంది" అన్నాడు. వెళ్లి చూశాను. కాలు మైకు కింద లేదు. మర తప్పు వైపు బిగించాడు. రెండూ సరిచేసినా ముందుకే తూగుతోంది. మైకు, బుట్ట కలిపి అర కిలో, 60 సెంటీమీటర్ల దూరాన ఉంది. వంటింట్లోకి వెళ్లి రెండు కిలో ఉప్పు ప్యాకెట్లు గుడ్డ సంచిలో వేసి, వెనక గొట్టానికి 15 సెంటీమీటర్ల దగ్గర కట్టాను. నిలబడింది. వాడు రాత్రి పదకొండు దాకా చదివాడు.

పొద్దున్నే మా అమ్మాయి వంటింట్లోంచి కేకేసింది, "నాన్నా, ఉప్పు ప్యాకెట్లు నువ్వేమైనా తీశావా?" అని. సంచి విప్పి ఒక ప్యాకెట్ తెచ్చి ఇచ్చాను. రెండోదాన్ని గొట్టం కొసకి జరిపి కట్టాను.